ఒకే ఖాతాకు ఇద్దరి వంతు

బోర్డు గీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది మేడం అని ఎవరైనా అడిగితే ఈమధ్య నాకు ఒళ్ళు మండుతోంది. పాపం, అడిగినవాళ్ళ తప్పేమీ లేదు. అనంతపురంలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకునేదాన్ని నేను. నన్ను అడక్కపోతే ఇంకెవరిని అడుగుతారు? జవాబు కూడా తెలుసు. కానీ ఆ ప్రశ్న వినగానే ఒక మనిషి గుర్తొస్తాడు. ఆయన గుర్తొచ్చిన పూట నాకు అన్నం సహించదు.

బోర్డంటే పాత టీవీ విప్పితే లోపల కనిపించే పచ్చ పలక. దాని మీద సన్నటి రాగి గీతలుంటాయి. వైర్లకు బదులు ఆ గీతల్లోనే కరెంటు నడుస్తుంది. ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడికి పోవాలి, దేనికెంత దూరంలో ఉండాలి అని ముందు బొమ్మ గీసుకోవాలి. నేను మొదట్లో రాగి రేకు అంటించిన అట్ట మీద మార్కర్ పెన్నుతో గీసేదాన్ని. తరవాత ప్లాస్టిక్ తొట్టిలో మందునీళ్ళు కలిపి ముంచితే గీత కింద రాగి మిగిలి, తక్కినదంతా కరిగిపోతుంది. ఆ మందునీళ్ళు పడి మా బాత్రూం బండలు, నా నాలుగు చీరలు తుప్పురంగుకు తిరిగాయి. ఇంటికొచ్చిన అత్తగారు ఆ బండలు చూసి, ఇదేమి మురికమ్మా అని రెండు రోజులు పుల్లతో గీకింది. ఇదంతా జీతం కోసం కాదు. కొందరు ముగ్గులు వేస్తారు, కొందరు సీరియళ్ళు చూస్తారు, నాకు ఇది పిచ్చి.

ఆ పిచ్చికి ఒక పని దొరికింది మా నాయన దగ్గర. ఉరవకొండ అవతల మాకు మూడెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది, మూడు వందల చెట్లు. వాటన్నిటికీ ఒకే ఒక బోరు. అది కూడా మా చిన్నాయనతో కలిపి, మూడు రోజులు మాది, మూడు రోజులు ఆయనది. ఆ బోరులో నీళ్ళు ధారగా రెండు గంటలు వస్తాయి, తరవాత పైపు ఎక్కిళ్ళు పెడుతుంది. అంతటితో మోటారు ఆపేసి కాసేపు ఊరనివ్వాలి. ఆపకపోతే నీళ్ళు లేని మోటారు వట్టిగా తిరిగి తిరిగి వేడెక్కి కాలిపోతుంది. ఎండాకాలంలో మోటారు కాలిందంటే బోరులోంచి బయటికి తీసి, చుట్టించి, మళ్ళీ దించేలోపు చెట్లు ఎండుతాయి. అందుకని మా నాయన కరెంటు ఉన్నంతసేపూ రేకుల షెడ్డు కింద కూర్చుని పైపు వైపే చూస్తుండేవాడు. డెబ్బై దగ్గరికొచ్చిన మనిషి. మోకాళ్ళు పట్టేసినా పైపు ఎక్కిళ్ళు పెట్టగానే పరిగెత్తిపోయి ఎర్ర బటన్ నొక్కేవాడు.

నీళ్ళైపోతే మోటారును దానంతట అదే ఆపే పరికరాలు బజారులో దొరికితే రెండు రకాలు తెచ్చి పెట్టి చూశాను. మా ఊరి కరెంటుకు అవి తట్టుకోలేదు. వోల్టేజి కాస్త దిగితే చాలు, నీళ్ళున్నా మోటారు ఆపేసేవి. నాయన రెండిటినీ పీకి పారేశాడు. అప్పుడు నేనే చేస్తానన్నాను.

"నీళ్ళు అయిపోయినాయని దానికెట్ల తెలుస్తాది పాపా?" అన్నాడు నాయన.

"బండికి బరువు లేకుంటే ఎద్దు సులువుగా లాగదా? మోటరు కూడా అంతే నాయనా. నీళ్ళు లేకుంటే కరెంటు తక్కువ తాగుతాది. అది కనిపెట్టి ఆపేస్తాది."

"ఆపుతాదంటావు?"

"ఆపుతాది."

ఆ మాట మీద నిలబడి మొదలుపెట్టాను. ఇది మార్కర్ పెన్నుతో అయ్యే పని కాదు. ఒక పక్క నాలుగు వందల వోల్టుల లైను, ఒక పక్క ఐదు వోల్టుల చిప్పు, రెండూ ఒకే పలక మీద ఉండాలి. సరిగ్గా కంప్యూటర్లో గీసి, ఫ్యాక్టరీకి పంపి చేయించుకోవాలి. అందుకు సాఫ్ట్‌వేర్ కావాలి. ఏది వాడాలో అడగడానికి ధర్మవరం పోయాను.

ధర్మవరంలో ఉన్నది నాతో డిప్లొమా చదివిన మనిషి. నాకంటే రెండేళ్ళు పెద్ద, చదువుకునే రోజుల నుంచీ అన్నా అనే పిలిచేదాన్ని. పట్టుచీరలు నేసే ఇల్లు వాళ్ళది. డిప్లొమా అయ్యాక ఆయన ఉద్యోగానికి పోలేదు, చీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీయడం మొదలుపెట్టాడు. గడి గడికీ లెక్కపెట్టి గీసే పని. ఒక్క గడి తప్పినా మగ్గం మీద నెమలి మెడ విరుగుతుంది. ఆ కన్ను అలాంటిది, వంద గీతల్లో వంకర గీతను తల తిప్పినంతలో పట్టేసేవాడు. నాలాగే ఆయనకూ బోర్డుల పిచ్చి. మగ్గం ఎన్ని పోగులు నేసిందో లెక్కపెట్టే చిన్న మీటర్ ఒకటి చేస్తున్నాడు.

వాళ్ళ మేడ మీద గదిలో కూర్చుని మూడు సాఫ్ట్‌వేర్లు తూకం వేశాం. కింద మగ్గాల టకటక వినిపిస్తోంది. మొదటిది మేం కాలేజీలో నేర్చుకున్నది. దాన్నప్పుడు ఎవరో సీడీలో దొంగ కాపీ తెచ్చి అందరికీ పంచారు. ఇప్పుడా కంపెనీ నెలనెలా అద్దె కట్టమంటోంది, కట్టకపోతే పాత ఫైళ్ళు కూడా తెరవదు. దాన్ని ఇద్దరం అరనిమిషంలో పక్కన పెట్టేశాం.

రెండోది పూర్తిగా ఉచితం. ఎవరి సొత్తూ కాదు, ప్రపంచంలో తలా ఒక చెయ్యి వేసి తయారుచేసుకున్నది. మన కంప్యూటర్లో దించుకుంటే ఫైళ్ళు మన దగ్గరే ఉంటాయి. నాకు మనసు దాని మీదే ఉంది. కానీ దించుకోవడానికే ఒక పూట పడుతుంది, మోటారును ఆపే చిన్న స్విచ్చులుంటాయి, రిలేలంటారు, మాకు దొరికే వాటి బొమ్మలు అందులో లేవు, ఒక్కోటీ కొలత తీసి మనమే గీసుకోవాలి.

మూడోది ఇంటర్నెట్‌లోనే నడిచేది. దించుకునే పనే లేదు. ఏ సామాను కావాలన్నా పేరు కొడితే బొమ్మ సిద్ధం. గీయడం అయ్యాక ఒక బటన్ నొక్కితే ఫ్యాక్టరీకి ఆర్డరు పోతుంది.

"అన్నీ దాంట్లోనే ఉండాయి. ఇంగా ఆలోచన ఏల?" అన్నాడాయన.

"నెట్ పోతే మన బొమ్మ యాడ ఉంటాదన్నా? వాళ్ళ దగ్గర గదా ఉండేది?"

"ఏం చెల్లా, నీ బొమ్మ దొంగిలించుకోని వాళ్ళేం చేసుకుంటారు? వాళ్ళకేమన్నా చీనీ తోటలుండాయా?"

నవ్వేశాను. సులువుగా ఉందని నాకూ అనిపించింది. ఒప్పేసుకున్నాను. ఆ ఒప్పుకోవడం నాదే, దాన్ని ఆయన మీద రుద్దను.

దాని మీద నేనొక తెలివితక్కువ పని చేశాను. అది కూడా నేను చెప్పిందే. ఆ వెబ్‌సైట్లో ఒకరి ఫైళ్ళు ఇంకొకరు చూడాలంటే టీమ్ అనీ, ఆహ్వానమనీ ఏవేవో తతంగాలున్నాయి. ఆయన ఇంగ్లీషులో అవన్నీ చదువుతుంటే నాకు చిరాకేసింది. "రెండు ఖాతాలెందుకన్నా, ఒకటి తెరిస్తే చాలదా? వంతులేసుకుందాం" అన్నాను. మా బోరు వంతు గుర్తొచ్చి అన్న మాట. సోమ, బుధ, శుక్రవారాలు నావి. మంగళ, గురు, శనివారాలు ఆయనవి. ఆదివారం ఇద్దరం ఫోన్లో మాట్లాడుకుంటూ ఒకరి బోర్డు ఒకరం చూసుకోవాలి. తప్పు కనిపిస్తే ఆ చోట ఎర్రగా సున్న చుట్టాలి. ఆయన ఫోను నెంబరు మీద ఖాతా తెరిచాం, లోపల నాకొక ఫోల్డరు, ఆయనకొక ఫోల్డరు, ఆదివారం చూసుకునే బోర్డులకు ఇద్దరికీ కలిపి ఒకటి.

మా వైపు పల్లెల్లో పుట్టని వాళ్ళకు వంతంటే ఏమిటో చెప్పాలి. చిన్నాయన వంతు రోజు మా నాయన స్టార్టరు డబ్బా మూత మీద కూడా చెయ్యి వేయడు. మా చెట్లు ఎండుతున్నా సరే, గట్టు మీద నిలబడి చూస్తాడే తప్ప అడగను కూడా అడగడు. వంతు తప్పిన మనిషితో మాటలుండవు, పెళ్ళికి పిలుపులుండవు. నేను ఆ ఇంట్లో పెరిగినదాన్ని. ఆయన వంతు రోజు ఆ వెబ్‌సైట్ తెరిచిందీ లేదు, నా వంతు రోజు ఆయన ఫోల్డరులోకి తొంగి చూసిందీ లేదు. నా సంగతి ఆయనకు బాగా తెలుసు.

ఎనిమిది నెలలు పట్టింది ఆ బోర్డు. ఆ ఎనిమిది నెలలూ బాగున్నాయి, అబద్ధమెందుకు? ఆదివారం వస్తుందంటే పొద్దున్నే ఇంటిపని ముగించుకుని ఫోన్ పట్టుకునేదాన్ని. ఆయన నా బోర్డులో నాలుగు సార్లు ఎర్ర సున్నలు చుట్టాడు. ఒకసారి కెపాసిటరు తిరగేసి పెట్టాను. ఇంకోసారి రెండు గీతలు మూల దగ్గర తగులుకుంటున్నాయి. "చెల్లా, ఇట్ల గీస్తే మా మగ్గం మీద నీకు కూలి కూడా ఇయ్యరు" అని ఎగతాళి చేసేవాడు. మధ్యలో ఆయన గీసిన చీర అంచొకటి ఎవరో కాపీ కొట్టి పక్క వీధి మగ్గాల మీద ఎక్కించారు. నెల రోజులు నాకు ఫోన్ చేసి దాన్ని గురించే మొత్తుకున్నాడు. కన్నీళ్ళు పెట్టుకున్నాడు కూడా. నేను ఓదార్చాను.

చివరికి బోర్డు పూర్తయింది. సాఫ్ట్‌వేర్లో తప్పులు వెతికే బటన్ ఒకటుంటుంది. నొక్కితే తప్పులు సున్నా అని పచ్చగా వచ్చింది. ఆ ఆదివారం ఆయన అంతా చూసి ఎర్ర సున్న ఎక్కడా చుట్టలేదు. ఫ్యాక్టరీకి పంపాం, పది పలకలు వచ్చాయి. సామాన్లన్నీ నేనే అతికించాను. తేమ పట్టకుండా పైన పూసే వార్నిష్ మాకు దొరకదు, మా అమ్మాయి గోళ్ళ రంగు పూశాను, ఎర్రది.

శివరాత్రి తరవాత దాన్ని నాయన స్టార్టరు డబ్బాలో బిగించాను. ధర్మవరం నుంచి ఆయన కూడా వచ్చాడు. నాయన టెంకాయ కొట్టాడు. మోటారు వేశాం. రెండు గంటలకు పైపు ఎక్కిళ్ళు పెట్టింది. ముగ్గురం చూస్తుంటే టక్కున ఆగిపోయింది. నాయన నా మొహం చూసి, ఆయన మొహం చూసి, "ఇంగ నాకు పనేముంది?" అని గట్టిగా నవ్వాడు. నాకు పట్టరాని సంతోషమేసింది. ఆ మర్నాటి నుంచి నాయన షెడ్డు కింద కూర్చోవడం మానేశాడు.

మే నెలాఖరులో ఒకరోజు సాయంత్రం ఎర్ర దుమ్ము లేచి, దాని వెనకే నాలుగు చినుకులు పడ్డాయి. మర్నాడు మధ్యాహ్నం నాయన దగ్గర్నుంచి ఫోన్.

"పాపా, మోటరు ఆగల్యా. కాలిపోయింది."

నాయన ఇంట్లో నిద్రపోయాడు. బోర్డు ఉంది కదా అని పడుకున్నాడు. నేనే కదా పడుకోమన్నది. ఎండనపడి పోయి స్టార్టరు డబ్బా తెరిచేసరికి నా బోర్డు ఒక మూల నల్లగా మసి పట్టి ఉంది. మోటారును పైకి లాగుతుంటే పైపు విరిగి సగంలో ఇరుక్కుంది. దాన్ని తీయించి, కొత్త మోటారు దించేసరికి ఇరవై రెండు రోజులు. ఆ ఏడు నైరుతి కూడా మొహం చాటేసింది. మూడు వందల చెట్లలో నూట ఎనభై పోయాయి. చిన్నాయన వైపు వేరుసెనగ విత్తడానికి అదును తప్పింది. చిన్నాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, మా ఇంటికి రావడమే మానేశాడు.

సంగతి తెలిసి ధర్మవరం నుంచి ఆయన పరిగెత్తుకొచ్చాడు. కాలిన బోర్డు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను ఏడుస్తున్నాను. "నీ తప్పు కాదు చెల్లా. దుమ్ము, తేమ. మన చేతిలో ఏముండాది?" అన్నాడు. "నేను పట్టకపోయి చూస్తా, ఏమైందో కనుక్కుంటా" అని ఆ బోర్డును కాగితంలో చుట్టి సంచిలో వేసుకున్నాడు. నాయన ఆ దుఃఖంలోనే ఆయనకు అన్నం పెట్టించాడు. తిని పోయాడు.

ఆ తరవాత ఆదివారాల ఫోన్లు తగ్గిపోయాయి. నాకే మనసు విరిగి పిచ్చి మానేశాననుకున్నాను. ఆయన కూడా బాధలో ఉన్నాడనుకున్నాను, చూడండి నా తెలివి.

కార్తీకంలో ల్యాబ్‌కు రిలేలు కొనడానికి అనంతపురం బజారులో మోటారు స్టార్టర్లు అమ్మే అంగడికి పోయాను. నా ముందు ఇద్దరు రైతులు నిలబడి ఉన్నారు. అంగడాయన వాళ్ళకు ఒక కొత్త సరుకు చూపిస్తున్నాడు.

"బోరులో నీళ్ళైపోతే దానంతట అదే ఆపుతాదన్నా. మనూరి కరెంటుకే చేసింది. ఈడ నడిమిట్ల చీలిక చూడు, పలకను కోసిండారు. అదే దీని గొప్పతనం. ఈ చీలిక లేకుంటే ఏమైతాదో తెలుసునా?" అని గల్లాపెట్టె కింద నుంచి ఇంకొక బోర్డు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదో, ఇట్ల అయితాది. మోటరు కూడా పోయింది వాళ్ళకి."

ఒక మూల నల్లగా మసి. తక్కిన చోటంతా ఎర్రటి గోళ్ళ రంగు.

నేను రిలేలు అడగడం మర్చిపోయాను. కొత్తదాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. గీతలన్నీ నావే. నేను మూల తిప్పిన చోట తిరిగాయి, నేను తడబడి వంకర పోయిన చోట వంకర పోయాయి. ఒక్కటే తేడా. పెద్ద వోల్టేజి మోసే రెండు గీతల మధ్య పలకను సన్నగా, పొడుగ్గా కోశారు. చూడగానే అర్థమైంది. నేను ఆ రెండు గీతలను మరీ దగ్గరగా గీశాను. ఆ సందులో దుమ్ము చేరి, దాని మీద తేమ పడితే కరెంటు ఆ దుమ్ము మీదుగానే దాటుతుంది. రిలే ఆపినా మోటారు ఆగదు. కోత ఉంటే దుమ్ముకు దారి లేదు. ఎవరు చేసిందని అడిగితే, "ధర్మవరం ఆయన మేడం, చీరల డిజైన్లు గీస్తాడు, చెయ్యి శానా నాజూకు" అన్నాడు అంగడాయన.

నా బొమ్మ తీసుకుని అమ్ముకున్నాడన్న కోపం ఉంది. కానీ కాలిన బోర్డు చూసి నేర్చుకుని కోత పెట్టాడేమో, తప్పును సరిదిద్దాడేమో అని ఇంటికొచ్చే బస్సులో ఆయన తరఫున నాకు నేనే వాదించుకున్నాను. అంత వెర్రి ప్రేమ. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆరోజు మంగళవారం, ఆయన వంతు. అయినా ఖాతా తెరిచాను, మొట్టమొదటిసారి ఆయన ఫోల్డరులోకి పోయాను.

ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ తేదీతో సహా దాచిపెడుతుంది. నా బోర్డు కాపీ అక్కడ ఉంది. కోత పెట్టిన తేదీ ఉగాదికి ఎనిమిది రోజుల ముందు. అంటే మోటారు కాలడానికి రెండు నెలలకు పైగా ముందు. నా ఫైలులో మాత్రం ఆ చోట ఎర్ర సున్న లేదు. ఆ ఉగాదికి ఫోన్ చేసి మా ఇంటిల్లిపాదికీ శుభాకాంక్షలు చెప్పాడు.

మర్నాడు సెలవు పెట్టి ధర్మవరం పోయాను. కింద మగ్గాల గుంటల్లో బియ్యం మూటలు పెట్టుకున్నారు, మగ్గాలు అమ్మేసినట్టున్నారు. మేడ మీద ఆయన ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"చీలిక ఎప్పుడు పెట్టినావన్నా?"

ఆయన బొంకలేదు. "ఉగాది ముందర."

"నాకెందుకు చెప్పల్యా?"

"చెప్దామనే అనుకుంటి."

"ఎప్పుడు? మా మోటరు కాలినాకనా?"

కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ సందున పెట్టుకున్నాడు. "మగ్గాలు పోయినాయి చెల్లా. అంచులు ఎవురూ గీయించుకోవల్యా. అంగడాయన ఇంగెవురి దాంట్లోనూ లేనిది నీ దాంట్లో ఏముండాదో చూపించప్పా అన్న్యాడు. నువ్వు గీసినదానికీ నా దానికీ తేడా ఆ చీలిక ఒకటే. అది నీకు చెప్పింటే నువ్వు కూడా పెట్టుకుంటావు. ఊర్లో అందరికీ చేసిస్తావు. ఇంగ నాది ఎవురు తీసుకుంటారు?"

"కాలుతాదని నీకు తెలుసునా?"

"ఖాయంగా తెలీదు. నూటికి ఒకటి కాలుతాదేమో అనుకుంటి."

"ఆ ఒకటీ మా నాయనదే గదా! మా ఇంట్లో కూర్చోని అన్నం తిని, కాలిన బోర్డు పట్టకచ్చి అంగట్లో పెట్టించినావు గదన్నా! సిగ్గు లేదా నీకు?"

దానికి ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నేను దాచిపెట్టల్యా చెల్లా. ఫైలు ఆడనే ఉండాది. పాస్‌వర్డు కూడా మార్చల్యా. నువ్వు ఒక్క దినం తెరిచి చూసింటే కనపడేది."

"నీ వంతు రోజు నేనెందుకు తెరుస్తా?"

"అదే గదా," అన్నాడు చాలా మెల్లగా.

ఇక అక్కడ నిలబడలేకపోయాను. చెయ్యి చేసుకోనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఇంటికొచ్చి ఆ ఖాతాలో నా ఫైలు తీసుకుని బయటికొచ్చేశాను. రెండో సాఫ్ట్‌వేర్, మొదట్లో నేను ఇష్టపడి వదిలేసింది, పూటంతా కూర్చుని దించుకున్నాను. రిలేల కొలతలు తీసి ఒక్కొక్క బొమ్మా గీసుకున్నాను. పాత బోర్డునే అందులో పెట్టి తప్పులు వెతికే బటన్ నొక్కాను, చూద్దామని. అందులోనూ సున్నా అనే వచ్చింది. గీతల మధ్య ఎంత ఖాళీ ఉండాలో మనం ముందుగా చెప్పకపోతే, అది కూడా బ్యాటరీ బొమ్మలకు సరిపోయే ఖాళీతోనే సరిపెట్టుకుంటుంది. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా నాకా తప్పు కనిపించి ఉండేది కాదు. కనిపించిన మనిషి పక్కనే ఉండి నోరు విప్పలేదు.

నాయనకు చెప్పకూడదనుకున్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను. తోటలో ఎండిన చీనీ మొద్దులు కొట్టి కుప్పవేస్తున్నాడు. అంతా చెప్పాను, తేదీతో సహా. గొడ్డలి పక్కన పెట్టి కూర్చున్నాడు.

"నా ఇంట్లో కూడు తినేటప్పటికి ఆ యప్పకి తెలుసునా?"

"తెలుసు నాయనా."

మిగిలిన నూట ఇరవై చెట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన నోటి నుంచి ఒక మంచి తిట్టు వస్తుందని, అది విని నాకు కాస్త చల్లబడుతుందని ఎదురుచూశాను.

"ఆ చీలిక పెట్టింది బాగా ఆపుతాదా?" అన్నాడు.

"ఆపుతాది."

"అయితే అది తెచ్చి పెట్టు."

"నాయనా! నేనే గీస్తాండా. కొత్త సాఫ్ట్‌వేర్లో మొదలుపెట్టినా. రెండు నెలలాగు, చీలిక పెట్టి నేనే చేసిస్తా."

"మోటరు దినామూ తిరుగుతాండాది పాపా. నీ రెండు నెలలు అది ఆగుతాదా?" గొడ్డలి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "తప్పు ఆ యప్ప కంటికి కనపడింది. నీ కంటికి కనపడల్యా. కనపడినోడిది తీసుకరా."

చిన్నప్పటి నుంచీ ఆయన నన్ను కొట్టింది లేదు. ఆరోజు కొట్టినట్టే అయింది.

పోయి కొన్నాను. అదే అంగట్లో. ఎలా బిగించాలో అంగడాయన వివరంగా చెబుతుంటే నోరు మూసుకుని విన్నాను. స్టార్టరు డబ్బాలో నా చేతులతోనే బిగించాను. ఆరోజు ఎవరూ టెంకాయ కొట్టలేదు. నాయన మళ్ళీ షెడ్డు కింద కుర్చీ వేసుకుని పైపు వైపు చూస్తూ కూర్చున్నాడు. రెండు నెలలు అలాగే కూర్చున్నాడు, తరవాత మానేశాడు.

ఈ వేసవిలో దుమ్ము లేచింది, చినుకులు పడ్డాయి, బోరు ఎన్నిసార్లు ఎక్కిళ్ళు పెట్టిందో లెక్కలేదు. ప్రతిసారీ మోటారు ఆగింది. మొన్న నేను ఊళ్ళో ఉండగా పక్క పొలం ఆయన ఇంటికొచ్చాడు. కాఫీలు ఇచ్చాను. స్టార్టరులో అదేదో పెట్టినారంట గదా, ఎవరు చేసింది, మాకూ చేయిస్తారా అని నాయనను అడిగాడు. ఏం చెబుతాడోనని నేను గడప దగ్గరే నిలబడిపోయాను.

"అంతా మా పాప గీసిందేనప్పా," అన్నాడు నాయన. ఒక గుక్క కాఫీ తాగాడు. "నడిమిట్ల ఒక చీలిక ఉండాది, అదొకటి ఇంగొకాయనది."

"ఆ చీలిక ఏం చేస్తాదన్నా?"

"మోటరు కాలకుండా చూసేది అదే."

నాయన అబద్ధం ఆడడు. ఖాళీ గ్లాసులు తీసుకుని నేను లోపలికి పోయాను.